చిన్న ఎక్స్‌బాక్స్‌కి చార్జింగ్ సెల్లులు: కొనడం నుంచి కాపాడుకోవడం వరకు

"మెషీన్ ఇంత చిన్నదైంది గానీ, రిమోట్‌కి ఇంకా గోడగడియారం సెల్లులేటి బావా?" కొత్తగా ఎక్స్‌బాక్స్, అంటే టీవీకి పెట్టి ఆడుకునే మైక్రోసాఫ్ట్ వీడియో గేమ్ మెషీన్ కొన్నవాళ్ళు ఎవరైనా నన్ను ముందు అడిగేది ఇదే. విజయనగరంలోనూ ఇదే మాట, శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసేవాళ్ళదీ ఇదే మాట. తర్వాత రెండో ప్రశ్న వస్తుంది: "చార్జింగ్ సెల్లులు వేశాను, రెండు రోజులకే ఆగిపోతున్నాయి, ఏం చేయాలి?" విడివిడిగా చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 2016 ఆగస్టులో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ వచ్చినప్పుడు పెట్టె పాతదానికంటే 40 శాతం చిన్నదైంది. నేల మీద పడి ఉండే పెద్ద అడాప్టర్ కూడా పెట్టె లోపలికి వెళ్ళిపోయింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ (చాలామంది రిమోట్ అనేది దీన్నే) వెనక మూత తీస్తే మాత్రం అవే రెండు సెల్లులు. 2020 నవంబరులో వచ్చిన సిరీస్ ఎస్ అయితే తన పెద్దన్న సిరీస్ ఎక్స్‌ కంటే దాదాపు 60 శాతం చిన్నది, డిస్క్ పెట్టే చోటు కూడా తీసేశారు. సెల్లులు మాత్రం తీయలేదు. పోటీగా ప్లేస్టేషన్ అమ్మే సోనీ దారి వేరు. ప్లేస్టేషన్ 4 నాటి కంట్రోలర్‌లో 1,000 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ, ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌లో 1,560 ఎంఏహెచ్ బ్యాటరీ లోపలే బిగించి ఇస్తారు. తీగ పెడితే చార్జి అవుతుంది.

మన జిల్లాల్లో మాత్రం సెల్లులు విడిగా ఉండటమే మేలని నా గట్టి అభిప్రాయం. ఒక జత ఆడుతుంటే ఇంకో జత చార్జర్‌లో ఉంటుంది. మూడేళ్ళకో నాలుగేళ్ళకో సెల్లు ముసలిదైతే స్క్రూడ్రైవర్ పట్టకుండా కొత్తది వేసుకోవచ్చు, కంట్రోలర్‌ని రిపేరుకి వైజాగ్ పంపక్కర్లేదు. తుపాను వచ్చి కరెంటు పోతే అదే సెల్లు టార్చిలైటులో వేసుకోవచ్చు. అయితే ఇదంతా సరైన సెల్లు, సరైన చార్జర్ ఉన్నప్పటి మాట. ఏదో ఒక సెల్లు, ఏదో ఒక చార్జర్ తెస్తే మీరు తిట్టుకునేది ఎక్స్‌బాక్స్‌నే.

కావలసినవి

- డబుల్ ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ చార్జింగ్ సెల్లులు నాలుగు. ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి. ఇంట్లో రెండు కంట్రోలర్లు ఉంటే ఆరు చాలు, ఎనిమిది అక్కర్లేదు.
- ఒక్కో సెల్లుని విడిగా చూసుకుని, నిండగానే తనే ఆగిపోయే చార్జర్.
- చెరగని మార్కర్ పెన్ను.
- సెల్లులు పెట్టుకోవడానికి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా.
- డేటా కూడా వెళ్ళే యూఎస్‌బీ తీగ. వన్ ఎస్ నాటి కంట్రోలర్‌కి మైక్రో యూఎస్‌బీ, సిరీస్ ఎస్, ఎక్స్ కంట్రోలర్లకి టైప్ సి.
- ఉంటే మంచిది: వోల్టేజి కొలిచే మల్టీమీటర్. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టులో దొరికే మామూలు రకం సరిపోతుంది.

1. ముందు మీ దగ్గరున్న సెల్లు ఏ జాతిదో చూడండి

సెల్లు ఒంటి మీద చిన్న అక్షరాల్లో ఒక గుర్తు ఉంటుంది. ఎల్‌ఆర్6 అని ఉంటే ఆల్కలైన్. ఎల్ లేకుండా ఉత్త ఆర్6 అని మొదలైతే కార్బన్ జింక్, అంటే కిరాణా కొట్లో గడియారానికి అడిగితే ఇచ్చే చవక రకం. హెచ్‌ఆర్6 అని ఉంటే అదే మనకి కావలసిన చార్జింగ్ సెల్లు.

ఆర్6 రకం కంట్రోలర్‌లో వేయకండి. గడియారం ముల్లు తిప్పడానికి పనికొచ్చే సెల్లు అది. కంట్రోలర్ లోపల వైబ్రేషన్ మోటార్లు తిరిగినప్పుడు కావలసిన కరెంటు ఇవ్వలేదు. మధ్యలో కనెక్షన్ తెగిపోయేది చాలాసార్లు దీనివల్లే. పైగా మరిచిపోతే కారుతుంది.

2. చార్జింగ్ సెల్లు కొనేటప్పుడు

పెట్టె మీద "రెడీ టు యూజ్" అనో "ప్రీ చార్జ్‌డ్" అనో ఉన్నవే కొనండి. ఈ రకం చార్జి చేసి పక్కన పెట్టినా నెలల తరబడి నిలబడుతుంది. పాత రకం అయితే వాడకపోయినా నెలలో ఐదో వంతు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువే ఇగిరిపోతుంది. "చార్జి చేసి పెట్టాను, ఆదివారం ఆడదామని తీస్తే లేదు" అనేవాళ్ళ ఇంట్లో ఉండేది ఈ పాత రకమే. 2005లో ఎనెలూప్ పేరుతో మొదటిసారి ఈ నిలవ ఉండే రకం వచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి.

సామర్థ్యం 1,900 నుంచి 2,100 ఎంఏహెచ్ ఉన్నవి తీసుకోండి. 2,500 రకం కూడా నిజమైనదే, కాకపోతే ఒక చార్జికి ఎక్కువసేపు ఆడుతుంది గానీ మొత్తం మీద తక్కువసార్లు చార్జి అవుతుంది. ఇంట్లో పిల్లలు రోజూ వాడేదానికి 2,000 రకమే నేను చెబుతాను.

3,800 అనో 5,000 అనో రాసి ఉంటే అది అబద్ధం. ఈ సైజు నికెల్ సెల్లులో అంత పట్టదు. అనుమానం వస్తే తూచి చూడండి. మంచి సెల్లు 26 నుంచి 30 గ్రాముల మధ్య తూగుతుంది. వంటింట్లో కేక్ పిండి తూచుకునే చిన్న త్రాసు చాలు. పదిహేను, పదహారు గ్రాములే వస్తే తిరిగి ఇచ్చేయండి.

ఇక్కడొక పెద్ద హెచ్చరిక. టార్చిలైట్ల కోసం అమ్మే 14500 అనే లిథియం సెల్లు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కంట్రోలర్‌లో చక్కగా పడుతుంది కూడా. కానీ దాని వోల్టేజి 3.7. రెండు వేస్తే 7.4 వోల్టులు. కంట్రోలర్ మూడు వోల్టులకి చేసిన వస్తువు. ఒక్కసారి వేసినా బోర్డు పోయే ప్రమాదం ఉంది. కొట్టు అబ్బాయి "ఇది ఇంకా పవర్‌ఫుల్ సార్" అన్నా సరే, ఒంటి మీద 3.7 అని కనపడితే ముట్టుకోకండి.

యూఎస్‌బీ రంధ్రం సెల్లుకే ఉన్న 1.5 వోల్టుల లిథియం సెల్లులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బాగా కనిపిస్తున్నాయి. అవి కంట్రోలర్‌ని పాడు చేయవు, వాడుకోవచ్చు. ఒక్కటే ఇబ్బంది: ఖాళీ అయ్యేదాకా నిండుగానే ఉన్నట్టు చూపించి, చివర్లో చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. వీటిని వాటి సొంత పద్ధతిలోనే చార్జి చేయాలి. నికెల్ సెల్లుల చార్జర్‌లో పెట్టకూడదు.

3. చార్జర్ ఎంచుకోవడం

సెల్లుల మీద పెట్టిన డబ్బుని పాడుచేసేది చార్జరే. అందుకని కొంచెం ఎక్కువ చెబుతాను.

చార్జర్‌కి ఎన్ని గదులుంటే అన్ని దీపాలు ఉండాలి. నాలుగు గదులకి రెండే దీపాలుంటే అది జతలుగా చార్జి చేసే రకం. జతలో ఒకటి కొంచెం ముందు నిండినా రెండోది నిండేదాకా దానిమీద కరెంటు పోస్తూనే ఉంటుంది. అలా ఒక సెల్లు త్వరగా ముసలిదవుతుంది. అసలు ఆగడమే తెలియని చార్జర్లు కూడా ఉన్నాయి. గోడకి పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి సెల్లు కాలుతూ ఉంటుంది.

మీ చార్జర్ ఎంతసేపు పెట్టాలో ఇలా లెక్క వేయండి. సెల్లు ఎంఏహెచ్‌ని చార్జర్ మీద రాసిన అవుట్‌పుట్ మిల్లీయాంపుతో భాగించి, 1.2తో గుణించండి. 2,000 సెల్లు, 500 మిల్లీయాంపుల చార్జర్ అయితే 4.8 గంటలు. 200 మిల్లీయాంపుల నెమ్మది చార్జర్ అయితే 12 గంటలు. తనే ఆగే చార్జర్ అయినా ఈ లెక్క తెలిసి ఉండాలి. గంటలోనే పచ్చదీపం వెలిగిందంటే సెల్లు నిండిందని కాదు, సెల్లులోనో స్ప్రింగులోనో ఏదో తేడా ఉందని అర్థం.

4. జతలకి గుర్తు పెట్టండి

కొత్త సెల్లుల మీద మార్కర్‌తో రెండిటికి 1 అని, రెండిటికి 2 అని రాయండి. కింద కొన్న నెల, సంవత్సరం కూడా రాయండి. ఇకమీద ఒకటో నంబరు సెల్లు ఒకటో నంబరుతోనే పనిచేయాలి, చార్జి కూడా దానితోనే అవ్వాలి.

రెండు సెల్లులు కాడికి కట్టిన ఎడ్ల లాంటివి. ఒకటి బలంగా, ఒకటి బక్కగా ఉంటే బక్కదే ముందు కూలిపోతుంది. బక్క సెల్లు ఖాళీ అయ్యాక కూడా బలమైనది దానిలోంచి కరెంటు నెడుతూనే ఉంటుంది, దాంతో అది పూర్తిగా పాడవుతుంది. పాతదీ కొత్తదీ కలపడం, ఆల్కలైన్‌తో చార్జింగ్ సెల్లు కలపడం, రెండు కంపెనీలవి కలపడం, మూడూ ఇదే తప్పు కిందకి వస్తాయి. ఇంట్లో పిల్లలు టీవీ రిమోట్‌లోంచి ఒకటి, బొమ్మ కారులోంచి ఒకటి తీసి వేస్తుంటారు. నంబర్లు రాసి ఉంటే వాళ్ళకీ తెలుస్తుంది.

5. మొదటి చార్జి

ప్రీ చార్జ్‌డ్ అని ఉన్నా కొట్లో ఎన్నాళ్ళు ఉందో మనకి తెలియదు. ఒకసారి పూర్తిగా చార్జి చేసి వాడండి. చాలాకాలం పక్కన పడి ఉన్న పాత సెల్లులైతే రెండు మూడు సార్లు పూర్తిగా నింపి, వాడి, మళ్ళీ నింపితే గానీ తేరుకోవు. మొదటిసారికే తేల్చేసి పారేయకండి.

వేసవిలో మధ్యాహ్నం చార్జి పెట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రేకుల ఇంట్లో, మేడ మీది గదిలో వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. అంత వేడిలో చార్జి సరిగ్గా ఎక్కదు, సెల్లు ఆయుష్షు తగ్గుతుంది, చార్జర్ కూడా నిండిన సంగతి సరిగ్గా పట్టుకోలేదు. పొద్దున్నే గానీ రాత్రి పడుకోబోయే ముందు గానీ పెట్టండి. కిటికీ ఎండ తగలని చోట, గచ్చు మీదో బల్ల మీదో ఉంచండి. పరుపు మీద, గుడ్డల మధ్య వద్దు.

చార్జి చివరి అరగంటలో సెల్లు గోరువెచ్చగా ఉంటే మంచిదే. గుప్పిట్లో పట్టుకోలేనంత వేడిగా ఉంటే వెంటనే తీసేయండి. ఆ సెల్లుని చార్జర్‌లోనే ఇంకో గదిలో పెట్టి చూడండి. అక్కడా అంతే ఉంటే సెల్లు పోయింది, అక్కడ మామూలుగా ఉంటే చార్జర్ పోయింది.

ఆల్కలైన్ సెల్లుని ఎప్పుడూ చార్జర్‌లో పెట్టవద్దు. "కొంచెం ఎక్కింది అన్నా" అంటారు కొందరు. ఎక్కేది కొంచెమే, కారేది ఎక్కువ, పగిలే ప్రమాదం కూడా ఉంది.

6. కంట్రోలర్‌లో వేయడం

వెనక మూత తీసి, లోపల ప్లస్, మైనస్ గుర్తులు చూసి, ముందు మైనస్ వైపు స్ప్రింగుని నొక్కి తర్వాత ప్లస్ వైపు దించండి. రెండు సెల్లులు ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి. సెల్లులు తీసినంత మాత్రాన మెషీన్‌తో కుదిర్చిన కనెక్షన్ పోదు. వేసి, ఎక్స్‌బాక్స్ గుర్తున్న మధ్య బటన్ నొక్కితే దానంతటదే కలుస్తుంది.

కొన్ని చార్జింగ్ సెల్లులకి తల కాస్త పొట్టిగా ఉంటుంది. అలాంటప్పుడు కంట్రోలర్ కాస్త కదిపితేనే ఆగిపోతుంది. దానికి వెండికాగితం మడిచి పెట్టేవాళ్ళని చూశాను. అది జారి రెండు చివరలకీ తగిలితే సెల్లు కాలిపోతుంది. స్ప్రింగుని సన్నటి పుల్లతో కొంచెం పైకి లాగితే చాలు.

7. తెర మీది గుర్తుని ఎలా చదవాలి

ఎక్స్‌బాక్స్ హోమ్ తెర పైన కుడిమూల బ్యాటరీ గుర్తు ఉంటుంది. ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులతో మొదలై నెమ్మదిగా దిగుతూ వస్తుంది. నికెల్ సెల్లు 1.2 దగ్గర చాలాసేపు నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందువల్ల నిండు సెల్లు వేసినా గుర్తు ఒక గీత తక్కువ చూపించవచ్చు. భయపడకండి, సెల్లు పాడవలేదు. అలాగే "తక్కువగా ఉంది" అని తెర మీద వచ్చాక ఎక్కువసేపు లాగకండి. ఆల్కలైన్‌తో ఆ హెచ్చరిక తర్వాత ఇంకో ఆట ఆడగలరేమో గానీ, దీనితో వెంటనే జత మార్చేయండి. అడుగంటా వాడితే సెల్లుకే నష్టం.

8. ఎక్కువసేపు రావాలంటే

ఆట అయ్యాక కంట్రోలర్‌ని పరుపు మీద పడేసి వెళ్ళిపోతే పావుగంట తర్వాత గానీ తనంతట తాను ఆరిపోదు. మధ్య బటన్ కాస్త నొక్కి పట్టుకుంటే వచ్చే పట్టికలో కంట్రోలర్ ఆపే మాట ఉంటుంది, అది ఎంచుకోండి. ఫోన్‌కో కంప్యూటర్‌కో కలిపి ఆడుతుంటే దీపం ఆరేదాకా ఆ బటన్ నొక్కి పట్టుకోండి.

వైబ్రేషన్ తగ్గిస్తే సెల్లు చాలా కలిసొస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కంట్రోలర్ దగ్గర ఆ సదుపాయం ఉంది. కార్ల ఆటల్లో అదే సరదా కాబట్టి పూర్తిగా తీసేయమని నేను చెప్పను. హెడ్‌ఫోన్ తీగ కంట్రోలర్‌కే పెడితే ఆ ఖర్చూ సెల్లుల మీదే పడుతుంది.

కంట్రోలర్‌కి అప్‌డేట్ అడిగినప్పుడు మాత్రం సెల్లుల మీద ఆధారపడకండి. తీగ పెట్టి చేయండి.

సెల్లులే వద్దనుకుంటే

తీగ పెట్టి ఆడొచ్చు. ఎక్స్‌బాక్స్ వన్ నాటి నుంచి వచ్చిన కంట్రోలర్లు యూఎస్‌బీ తీగతో సెల్లులు లేకుండానే పనిచేస్తాయి. అంతకుముందు తరం ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ కంట్రోలర్‌కి ఇది కుదరదు, దాని చార్జింగ్ తీగలో కరెంటు మాత్రమే వెళ్తుంది. చాలామంది పడే పొరపాటు ఇంకొకటి ఉంది. తీగ పెట్టాం కాబట్టి లోపలున్న హెచ్‌ఆర్6 సెల్లులు చార్జి అవుతున్నాయనుకుంటారు. అవ్వవు. తీగ ద్వారా చార్జి అయ్యేది మైక్రోసాఫ్ట్ విడిగా అమ్మే ప్లే అండ్ చార్జ్ కిట్‌లోని ప్యాక్, లేదా ఆ పద్ధతిలో చేసిన వేరే కంపెనీ ప్యాక్ మాత్రమే.

ఆ కిట్ మంచిదే. నాలుగు గంటల లోపు నిండుతుంది, ఆడుతూనే చార్జి చేసుకోవచ్చు. వన్ తరం కంట్రోలర్ ప్యాక్ సిరీస్ తరం కంట్రోలర్‌లో సరిగ్గా పట్టదు, తరం చూసి కొనండి. నాకు మాత్రం నాలుగు సెల్లులే ఇష్టం. ఆ ప్యాక్‌ని టార్చిలైటులో వేయలేం కదా.

ప్లేస్టేషన్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట. మీ బ్యాటరీ మార్చడం కుదిరే పనే గానీ కంట్రోలర్ విప్పాలి. ఆ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి నెలలు వదిలేయకండి. సగం చార్జితో పెట్టండి, ఎండ తగిలే టీవీ బల్ల మీద పెట్టకండి.

కనెక్షన్ తెగిపోతుంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

ఈ వరసలోనే చూడండి, వరస మారిస్తే అయోమయం.

మొదట సెల్లులు తీసేసి తీగతో ఆడండి. తీగతో కూడా తెగిపోతే సెల్లుల తప్పు కాదు, తీగ వదులుగానైనా ఉంది, కంట్రోలర్‌లోనైనా లోపం ఉంది. తీగతో బాగుంటే రెండో జత సెల్లులు వేయండి. దానితో బాగుంటే మొదటి జతలో ఒక సెల్లు పోయింది. రెండు జతలతోనూ తెగుతుంటే కొత్త ఆల్కలైన్ జత ఒకటి వేసి చూడండి. దానితోనూ తెగితే స్ప్రింగులు చూడాలి. స్ప్రింగులు మెరుస్తూ ఉన్నా తెగుతుంటే, మెషీన్ ఎక్కడ పెట్టారో చూడండి. చిన్నదైంది కదా అని ఇనుప బీరువాలోనో, తలుపులున్న టీవీ గూట్లోనో దూర్చేస్తున్నారు. సిగ్నలూ అందదు, గాలీ ఆడదు. సిరీస్ ఎస్ మీద నల్లగా గుండ్రంగా కనిపించేది వేడి గాలి బయటికి పోయే దారి. దాని మీద లేసు గుడ్డ కప్పకండి.

మల్టీమీటర్ ఉంటే పని సులువు. చార్జర్‌లోంచి తీసి గంటసేపు ఆగి కొలవండి. 1.35 నుంచి 1.45 మధ్య ఉంటే మంచి సెల్లు. అదే సెల్లుని వాడకుండా వారం ఉంచి మళ్ళీ కొలవండి. 1.3 చుట్టుపక్కల నిలబడాలి. 1.2 కిందకి జారిపోతే చార్జి పట్టుకోవడం మానేసింది, కంట్రోలర్ నుంచి తీసి గడియారానికో టీవీ రిమోట్‌కో వేయడానికి కూడా పనికిరాదు. ఆడుతూ ఆడుతూ ఆగిపోయిన వెంటనే రెండిటినీ కొలిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఒకటి 1.2, ఒకటి 0.9 ఉంటే జత చెడింది. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే జత బాగుంది, చార్జి అయిపోయిందంతే.

మీటర్ లేకపోతే జత నంబరు, వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి టీవీ వెనక అంటించండి. ఆల్కలైన్ సెల్లులతో 40 గంటల వరకు వస్తుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. మీ ఇంట్లో ఎంత వస్తుందనేది మీ ఆటని బట్టి ఉంటుంది. ఒకటో జత ఎప్పుడూ రెండో జతలో సగమే వస్తుంటే మీటర్ అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

తుప్పు, కారిన సెల్లులు, ఉప్పుగాలి

కళింగపట్నం, బారువ, భావనపాడు, ఇటు భోగాపురం, పూసపాటిరేగ తీరం ఊళ్ళవాళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవండి. సముద్రం గాలికి కంట్రోలర్ స్ప్రింగులకి మసక పొర పడుతుంది. సెల్లు బాగున్నా కరెంటు సరిగ్గా అందదు. రెండు నెలలకోసారి మూత తీసి చూడండి. మసకగా ఉంటే పిల్లల పెన్సిల్ రబ్బరు చిన్న ముక్క కోసి రుద్దండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడవండి. ఫోన్లు బాగుచేసే కొట్లో ఆ ఆల్కహాల్ వాడుతుంటారు. గరుకు కాగితంతో గీకకండి, పై పూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. కొబ్బరినూనె పూయకండి, దుమ్ము పట్టి జిగురైపోతుంది. వాడనప్పుడు కంట్రోలర్‌ని మూత ఉన్న డబ్బాలో, చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు వేసి ఉంచండి.

సెల్లు కారితే రకాన్ని బట్టి శుభ్రం చేయాలి.

1. ఒట్టి చేత్తో ముట్టుకోకుండా కవరు తొడుక్కుని సెల్లులు తీసేయండి. కళ్ళు నలుపుకోకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.
2. కారింది ఎల్‌ఆర్6 అయితే తెల్లటి పొడిలా ఉంటుంది, అది క్షారం. దూదిపుల్లని వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ కొంచెం ముంచి అద్దండి. సన్నగా బుడగలు రావచ్చు. బుడగలు ఆగేదాకా పుల్లలు మారుస్తూ చేయండి.
3. కారింది ఉత్త ఆర్6 అయితే దాని గుణం ఆమ్లం వైపు ఉంటుంది. నిమ్మరసం పనికిరాదు. వంటసోడా నీళ్ళలో చిక్కగా కలిపి పుల్లతో అద్దండి.
4. మంచినీళ్ళతో తడిపి పిండిన పుల్లతో మిగిలింది తుడిచేయండి. నీళ్ళు పోయకండి, లోపల బోర్డు ఉంది.
5. ఆల్కహాల్ పుల్లతో ఆఖరిసారి తుడిచి, మూత తీసి ఫ్యాను కింద ఒక పూట ఆరనివ్వండి.
6. స్ప్రింగు వేలితో తాకితే విరిగిపోయేలా ఉంటే ఇంట్లో ప్రయత్నించకండి. టంకం వేయడం వచ్చినవాళ్ళ దగ్గర కొత్త స్ప్రింగు పెట్టించండి.

వేసవి సెలవులకో పండక్కో అమ్మమ్మ ఊరు వెళ్తూ కంట్రోలర్ ఇంట్లో వదిలేస్తే సెల్లులు తీసి వెళ్ళండి. కారడం అన్నది ఎక్కువగా ఇలా మరిచిపోయిన నెలల్లోనే జరుగుతుంది.

కరెంటు పోయే రోజులకి

2014లో హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఉద్దానంలో రోజుల తరబడి చీకటే. అందుకే అక్టోబరు రాగానే నాలుగు సెల్లులూ నింపి డబ్బాలో పెట్టుకోండి. రెండు సెల్లులతో పనిచేసే ఎల్‌ఈడీ టార్చి ఒకటి, చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉంటే అవే సెల్లులు వాటికీ సరిపోతాయి. ఆ రోజుల్లో కంట్రోలర్‌లోంచి సెల్లులు తీసి పెద్దవాళ్ళ మంచం పక్క టార్చిలో వేయండి. వన్ ఎస్‌తో మొదలుకొని కంట్రోలర్లకి బ్లూటూత్ ఉంది కాబట్టి పిల్లలు ఫోన్‌తో ఆడదామంటారు. ముందు టార్చికి రెండు నిండు సెల్లులు తీసి పక్కన పెట్టాక మిగిలినవి వాళ్ళకి ఇవ్వండి.

సెల్లుల్ని జేబులో తాళంచెవులతో, చిల్లరతో కలిపి వేసుకోకండి. రెండు చివరలకీ ఇనుము తగిలితే జేబులోనే కాలుతుంది. ప్లాస్టిక్ డబ్బా అడిగింది అందుకే.

పూర్తిగా చచ్చిన సెల్లులు చెత్తబండిలో, పొయ్యిలో, చెరువు గట్టున వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లది. రెండు చివరలకీ ఇన్సులేషన్ టేపు అంటించి ఒక సీసాలో పోగు చేయండి. కొత్తవి కొనేటప్పుడు ఆ కొట్లోనే పాతవి తీసుకుంటారా అని అడగండి. వాళ్ళు తీసుకోకపోతే, పాత ఫోన్లు, కంప్యూటర్లు తీసుకునే ఈ వేస్ట్ వాళ్ళకి ఇచ్చేయండి.